మబ్బుల్లో రంగులు: పేరు పెట్టే ముందు సూర్యుడి నుంచి దూరం కొలవండి

ప్రశ్న క్లుప్తంగా ఇది: మే నెలలో సాయంత్రం నాలుగున్నరకు హైదరాబాద్‌లో పడమటి వైపు లేచిన ఉరుము మబ్బు తలమీద గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగులు మెరిశాయి. ఐదారు నిమిషాల్లో మాయమయ్యాయి. ఒకరు ఇంద్రధనుస్సు అన్నారు, ఒకరు సన్‌డాగ్ (సూర్యుడి పక్కన వెలిగే రంగు మచ్చ) అన్నారు, ఇంకొకరు ‘ఫైర్ రెయిన్‌బో’ అన్నారు. భూకంపం రాబోతోందని వాట్సాప్‌లో కూడా తిరిగింది. వీటిలో ఏది నిజం, మళ్ళీ కనబడితే మనమే ఎలా తేల్చుకోవాలి?

మీరు చూసింది టోపీ మేఘం మీద వచ్చిన ఇరిడిసెన్స్, అంటే చిన్న నీటి బొట్ల వల్ల పలచటి మబ్బు మీద పుట్టే ముత్యపు చిప్ప లాంటి మెరుపు. మిగతా మూడు పేర్లూ ఎందుకు కుదరవో తెలిస్తే మళ్ళీ ఎవరినీ అడగాల్సిన పని ఉండదు, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. రంగులను చూసి పేరు పెట్టొద్దు. ఆకాశంలో రంగులు పుట్టించే దృశ్యాలు పదికి పైగా ఉన్నాయి, అన్నిటిలోనూ ఎరుపూ ఉంటుంది, పచ్చా ఉంటుంది. తేడా పట్టించేవి మూడు: సూర్యుడి నుంచి ఎన్ని డిగ్రీల దూరంలో ఉంది, సూర్యుడు దిగంతం నుంచి ఎంత ఎత్తులో ఉన్నాడు, రంగులు ఏ వరుసలో ఉన్నాయి. మొదటి రెండూ కొలిస్తే చాలాసార్లు మూడోదాని దాకా వెళ్ళే అవసరమే రాదు.

కొలవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. చేతిని పూర్తిగా చాచి పట్టుకుంటే చిటికెన వేలి వెడల్పు ఇంచుమించు 1 డిగ్రీ, పిడికిలి 10 డిగ్రీలు, జాన 20 నుంచి 22 డిగ్రీలు. చేయి పొడుగున్నవాళ్ళకు అరచేయి కూడా పెద్దదే కాబట్టి పిల్లలకైనా పెద్దలకైనా లెక్క పెద్దగా మారదు. మోచేయి వంచితే మాత్రం మొత్తం తప్పిపోతుంది. పదిమందిలో తొమ్మిదిమంది చేసే పొరపాటు అదే.

కొలిచేటప్పుడు సూర్యుడిని నేరుగా చూడకండి. కరెంటు స్తంభం వెనకో, నీళ్ళ ట్యాంకు వెనకో, గోడ అంచు వెనకో నిలబడి సూర్యబింబం పూర్తిగా దాగేలా చూసుకోండి. చలువ కళ్ళద్దాలు మెరుపును తగ్గిస్తాయి గానీ సూర్యుడిని చూడటానికి రక్షణ కావు. సూర్యుడికి బాగా దగ్గరగా ఉన్న రంగులను చూడాలంటే వాననీటి మడుగులోనో నల్ల గ్రానైట్ రాయి మీదో మబ్బు ప్రతిబింబాన్ని చూడండి. కాంతి చాలావరకు తగ్గి, కంటికి అందని లేత రంగులు కూడా తేలతాయి. అక్కడ కూడా సూర్యుడి ప్రతిబింబం కంట పడకుండా పక్కకు జరిగే నిలబడాలి.

సూర్యుడి ఎత్తును నీడతో కొలవండి. మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి, చదును నేల మీద నీడ పొడవు చూడండి. నీడ 63 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే సూర్యుడు 58 డిగ్రీల పైన ఉన్నట్టు. 160 సెంటీమీటర్ల కన్నా ఎక్కువైతే 32 డిగ్రీల కింద ఉన్నట్టు. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి. కర్ర లేకపోతే మీ నీడతోనే చూడొచ్చు. నీడ మీ ఎత్తులో మూడింట రెండు వంతుల కన్నా కురచగా ఉంటే మొదటి రకం, ఒకటిన్నర రెట్లు దాటి ఇంకాస్త సాగితే రెండో రకం.

ఇప్పుడు సూర్యుడికి దగ్గర నుంచి మొదలుపెట్టి దూరానికి వెళ్దాం.

సూర్యుడి చుట్టూ ఒకటిన్నర రెండు పిడికిళ్ళ లోపల కనబడే రంగులు దాదాపు ఎప్పుడూ చిన్న నీటి బొట్ల వల్ల వచ్చేవే. బొట్టు అంచుల చుట్టూ కాంతి వంగి, ఒకదానితో ఒకటి కలిసి, కొన్ని రంగులు బలపడి కొన్ని చచ్చిపోతాయి. దీన్ని వివర్తనం అంటారు. ఇందులో బొట్టు ఎంత చిన్నదైతే రంగు సూర్యుడి నుంచి అంత దూరం జరుగుతుంది. లెక్కలో చూస్తే, 20 మైక్రాన్ల వ్యాసం ఉన్న బొట్లు మొదటి చీకటి వలయాన్ని సూర్యుడి నుంచి 2 డిగ్రీల దగ్గర వేస్తాయి, 10 మైక్రాన్లవి 4 డిగ్రీల దగ్గర, 5 మైక్రాన్లవి 8 డిగ్రీల దగ్గర. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

మబ్బు పలచగా, అంతటా ఒకే సైజు బొట్లతో ఉంటే రంగులు చక్కని గుండ్రని వలయాలు అవుతాయి. అది కరోనా. మధ్యలో నీలి ఛాయ గల తెలుపు, దాని అంచున ఇటుకరాయి లాంటి గోధుమ ఎరుపు, ఆ తర్వాత నీలం, పచ్చ, ఎరుపు, మబ్బు మరీ సమంగా ఉంటే మళ్ళీ ఒక వరస. గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: కరోనాలో ప్రతి వలయానికీ ఎరుపు బయటి వైపు ఉంటుంది.

అదే మబ్బులో ఒకచోట 6 మైక్రాన్ల బొట్లు, పక్కన 9, అంచున 4 ఉన్నాయనుకోండి. అప్పుడు వలయం గుండ్రంగా నిలవదు. ఒక్కో ముక్క తన బొట్ల సైజును బట్టి రంగు వేసుకుంటుంది. రంగు గీతలు మబ్బు అంచులను అనుసరించి మెలికలు తిరుగుతాయి, గులాబీ పక్కన ఆకుపచ్చ, మళ్ళీ గులాబీ వస్తాయి. ముత్యపు చిప్ప లోపలి మెరుపులా కనబడే ఇదే ఇరిడిసెన్స్. అంటే కరోనా, ఇరిడిసెన్స్ రెండూ ఒకే తల్లి బిడ్డలు. బొట్ల సైజు అంతటా ఒకటే అయితే కరోనా, చోటుకో రకంగా మారితే ఇరిడిసెన్స్. చాలాసార్లు ఒకే మబ్బులో సూర్యుడి దగ్గర కరోనా, అంచుల్లో ఇరిడిసెన్స్ కలిసే ఉంటాయి. అప్పుడు ఏ పేరు పెట్టాలని తగువులాడటం దండగ.

మబ్బు అంచులే ఎందుకు మెరుస్తాయంటే, అక్కడ బొట్లు ఇప్పుడిప్పుడే పుట్టినవో, ఆవిరైపోతున్నవో అయి ఉంటాయి. పక్కపక్కనున్న వాటి వయసు దాదాపు ఒకటే కాబట్టి ఒక్కో చిన్న చోటులో సైజూ దాదాపు ఒకటే, చోటు మారితేనే సైజు మారుతుంది. పైగా అక్కడ పొర పలచన. మబ్బు మందమైతే కాంతి ఒక బొట్టు నుంచి ఇంకో బొట్టుకు పదేపదే తగిలి రంగులన్నీ కలిసి తెల్లబడిపోతాయి. ఉరుము మబ్బు కాండం ఎంత పెద్దదైనా పాలమీగడలా తెల్లగానే ఉంటుంది, దాని నెత్తిన కూర్చున్న పలచటి టోపీ మాత్రం రంగులు చిమ్ముతుంది.

ఆ టోపీ సంగతి. వేడి గాలి బలంగా పైకి లేస్తున్నప్పుడు దాని పైనున్న తేమ పొరను కూడా ముందుకు తోస్తుంది. ఆ పొర పైకెళ్ళి చల్లబడి, మబ్బు నెత్తి మీద పలచటి గొడుగులా బిగుసుకుంటుంది. దీన్నే పైలియస్ అంటారు. దానిలోని బొట్లన్నీ ఒకే క్షణంలో, ఒకే ఎత్తులో పుట్టాయి కాబట్టి సైజుల్లో తేడా చాలా తక్కువ. రంగులకు ఇంతకన్నా మంచి సరుకు ఇంకోటి లేదు. కింది మబ్బు ఎదుగుతూ టోపీని చీల్చుకుని పైకి వచ్చేస్తే కథ అయిపోయినట్టే. మీరు చూసింది ఐదారు నిమిషాల్లో పోవడానికి కారణం అదే. 2022 ఆగస్టులో చైనాలోని హైకౌ నగరంలో తీసిన ఇలాంటి టోపీ మేఘం వీడియో ప్రపంచమంతా తిరిగింది. మన దగ్గర కూడా ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల వరకు, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యాహ్నం మూడు దాటాక పడమటి వైపు చూస్తే దొరుకుతుంది. పడమరే ఎందుకంటే, ఆ వేళకు సూర్యుడు అటు ఉంటాడు. మబ్బు కాండం సూర్యుడిని కప్పేస్తే కంటికి ఇబ్బంది లేకుండా అంచులు స్పష్టంగా కనబడతాయి. అదే మబ్బు తూర్పున ఉంటే టోపీ ఉన్నా రంగు రాదు, ఎందుకంటే సూర్యుడి నుంచి మరీ దూరమైపోతుంది.

టోపీ మేఘమే కానక్కర్లేదు. దూదిపింజలు పరిచినట్టుండే ఆల్టోక్యుములస్, ఇంకా పైన ఇసుక రేణువుల్లా ఉండే సిర్రోక్యుములస్ అంచుల్లో కూడా ఇరిడిసెన్స్ మామూలే. కాకపోతే సూర్యుడి మెరుపులో కలిసిపోయి ఎవరూ గమనించరు. స్తంభం అడ్డుపెట్టుకుని చూసే అలవాటు చేసుకుంటే వానాకాలంలో వారానికి రెండు మూడుసార్లయినా కనబడుతుంది. లడఖ్ లాంటి కొండ ప్రాంతాల్లో గాలి కెరటాల మీద కట్టే కటకం ఆకారపు మబ్బులు ఇంకా గొప్పగా మెరుస్తాయి. అవి ఒకేచోట నిలిచి ఉండి, గాలి వచ్చే వైపు కొత్త బొట్లు పుడుతూ, పోయే వైపు ఆవిరవుతూ ఉంటాయి కాబట్టి రంగులు గంటలకొద్దీ ఉండొచ్చు.

ఇక్కడ ఒక చరిత్ర ముక్క. మబ్బులు సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉంటే అందులో ఉన్నది మంచేనని ఒకప్పుడు అనుకునేవారు. జార్జ్ సింప్సన్ సిమ్లాలో భారత వాతావరణ శాఖలో పనిచేస్తూ, 1910లో బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ అంటార్కిటికా యాత్రకు వాతావరణ శాస్త్రవేత్తగా వెళ్ళారు. అంత చలిలోనూ అక్కడి మబ్బుల్లో బొట్లకే సాధ్యమయ్యే దృశ్యాలు కనబడటంతో, ఆ మబ్బుల్లో ఉన్నవి గడ్డకట్టని నీటి బొట్లేనని 1912లో వాదించారు. ఆ మాట చాలావరకు నిలిచింది. తర్వాత మరీ సన్నని మంచు రేణువులు కూడా కరోనా వేయగలవని తేలింది. మన వరకు వస్తే, వేసవిలో, వానాకాలంలో సున్నా డిగ్రీల మట్టం నేలకు దాదాపు 5 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మనకు రంగులు చూపించే మధ్య ఎత్తు మబ్బుల్లో ఎక్కువ భాగం నీళ్ళే.

కరోనాను నేర్చుకోవడానికి పగలు కన్నా రాత్రి మేలు. పున్నమికి రెండు రోజులు అటూ ఇటూ, పలచటి మబ్బు చంద్రుడి మీదుగా పోతున్నప్పుడు చూడండి. కంటికి ప్రమాదం లేదు, వలయం సైజు మబ్బు ముక్కను బట్టి కుంచించుకుని, విచ్చుకునే తీరు కూడా కనబడుతుంది. పల్లెల్లో దీన్ని గుడి కట్టడం, వరదగుడి అంటారు. ‘దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన’ అన్న సామెత ఈ విషయంలోనే పుట్టింది. దగ్గర గుడి అంటే కరోనా, చంద్రుడిని అంటుకునే ఉంటుంది. దూరపు గుడి అంటే హాలో, చంద్రుడికి జానెడు దూరంలో ఉంటుంది. హాలోను వేసే ఎత్తైన మంచు పొర తరచు వాయుగుండం ముందు నడుస్తుంది కాబట్టి సామెతలో పస ఉంది. అయితే ఎండాకాలంలో ఆ పొర వట్టిగానే వచ్చిపోతుంది కూడా, కాబట్టి దీన్ని నమ్ముకుని వడ్లు ఎత్తుకోకుండా ఉండొద్దు, ఎత్తుకుని బాధపడనూ వద్దు.

హాలో దగ్గరికి వచ్చాం కాబట్టి అదీ చూద్దాం. ఇక్కడ పని చేసేది బొట్లు కాదు, ఆరు పలకల మంచు స్ఫటికాలు. కాంతి వాటిలోంచి దూరి 60 డిగ్రీల పట్టకంలో వంగినట్టు వంగుతుంది. ఆ వంపు 22 డిగ్రీల కన్నా తగ్గదు. అందుకే వలయం ఎప్పుడూ సూర్యుడికి కచ్చితంగా జానెడు దూరంలోనే ఉంటుంది, ఇవాళ పెద్దగా రేపు చిన్నగా ఉండదు. వలయం లోపలి ఆకాశం బయటికన్నా కాస్త నల్లగా కనబడుతుంది. ఎరుపు లోపలి వైపు, అంటే సూర్యుడి వైపు ఉంటుంది. కరోనాకు సరిగ్గా తలకిందులు. ఈ ఒక్క తేడా చూసుకుంటే రెంటినీ ఎప్పుడూ కలిపేయరు. 2021 మే 24న బెంగళూరులో, జూన్ 2న హైదరాబాద్‌లో మధ్యాహ్నం జనం మేడలెక్కి చూసింది ఈ 22 డిగ్రీల హాలోనే. సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉండటం వల్ల వలయం మొత్తం చెక్కుచెదరకుండా కనబడింది.

సన్‌డాగ్ కూడా 22 డిగ్రీల కుటుంబమే. పళ్ళెం లాంటి స్ఫటికాలు చదునుగా తేలుతూ దిగుతున్నప్పుడు సూర్యుడికి ఎడమ, కుడి పక్కల, అదే ఎత్తులో రెండు రంగుల మచ్చలు వెలుగుతాయి. ఒక్కోసారి ఒకటే కనబడుతుంది, ఎందుకంటే రెండో వైపు మబ్బు లేదు. మచ్చలో ఎరుపు సూర్యుడి వైపు ఉంటుంది, బయటికి తెల్లటి తోక సాగుతుంది. సూర్యుడు ఎత్తుకెళ్ళేకొద్దీ మచ్చలు దూరం జరుగుతాయి. దిగంతం మీద ఉన్నప్పుడు 22 డిగ్రీలు, సూర్యుడు 40 డిగ్రీలకు చేరేసరికి 28. సూర్యుడు 61 డిగ్రీలు దాటితే సన్‌డాగే ఉండదు. కాబట్టి మండు వేసవి మిట్టమధ్యాహ్నం ఫొటోకు ఎవరైనా సన్‌డాగ్ అని రాస్తే అది కచ్చితంగా తప్పు. మీరు చూసిన రంగులు మబ్బు నెత్తిన, అంటే సూర్యుడికి పైన ఉన్నాయి. సన్‌డాగ్ పక్కనే తప్ప పైన ఉండదు.

అందరినీ తికమక పెట్టేవి తర్వాత రెండు చాపాలు. ఇవి రంగుల్లో అన్నిటికన్నా శుద్ధమైనవి. అవే పళ్ళెపు స్ఫటికాల్లో కాంతి 90 డిగ్రీల మూల గుండా వెళ్ళడం వల్ల ఎరుపు, నారింజ, పసుపు, పచ్చ, నీలం, ఊదా విడివిడిగా పరుచుకుంటాయి. ఇరిడిసెన్స్‌లో కనబడే గులాబీ పచ్చ గులాబీ తిరగమోత వీటిలో ఉండదు, ఒక్కసారే పూర్తి వరస.

మొదటిది సర్కమ్‌జెనితల్ చాపం. నడినెత్తికి దగ్గర్లో, తలకిందులైన చిన్న ఇంద్రధనుస్సులా, రెండు కొసలూ సూర్యుడికి ఎదురు వైపు వంగి ఉంటుంది. ఎరుపు కింద, సూర్యుడి వైపు. సూర్యుడు 32 డిగ్రీల కింద ఉన్నప్పుడే వస్తుంది, అంటే మీటరు కర్ర నీడ 160 సెంటీమీటర్లు దాటాలి. సూర్యుడు 22 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు అన్నిటికన్నా బాగా మెరుస్తుంది, అప్పుడు సూర్యుడికి సరిగ్గా 46 డిగ్రీల పైన ఉంటుంది. ఇది నడినెత్తి నుంచి 32 డిగ్రీలకు మించి ఎన్నడూ కిందికి దిగదు. పొద్దున్నే, సాయంత్రం సన్‌డాగ్ బాగా కనబడితే వెంటనే తలెత్తి చూడండి, రెంటికీ ఒకే స్ఫటికాలు కావాలి. మనవాళ్ళు దీన్ని చూడకపోవడానికి కారణం అరుదు కావడం కాదు, నడినెత్తికి ఎవరూ చూడరు.

రెండోది సర్కమ్‌హొరిజాంటల్ చాపం. ‘ఫైర్ రెయిన్‌బో’ అని తిరిగేది ఇదే. 2006 జూన్‌లో అమెరికాలోని వాషింగ్టన్, ఐడహో రాష్ట్రాల సరిహద్దులో తీసిన ఫొటోతో ఆ పేరు బాగా పాకింది. మంటకూ సంబంధం లేదు, వానకూ లేదు. ఇది సూర్యుడికి చాలా కింద, దిగంతానికి సమాంతరంగా, వెడల్పాటి రంగుల పట్టీలా ఉంటుంది. ఎరుపు పైన. మబ్బు ముక్కలు ముక్కలుగా ఉంటే పట్టీలో కొన్ని తునకలే కనబడి, ఆ మబ్బే రంగులు పూసుకున్నట్టు భ్రమ కలుగుతుంది, అందుకే ఇరిడిసెన్స్‌తో కలిపేస్తారు. తేల్చుకోవడానికి రెండు గట్టి పరీక్షలున్నాయి. ఒకటి, సూర్యుడు 58 డిగ్రీలు దాటితేనే ఇది పుడుతుంది, కర్ర నీడ 63 సెంటీమీటర్ల లోపే ఉండాలి. రెండు, ఇది దిగంతం నుంచి 32 డిగ్రీల కన్నా పైకి ఎప్పుడూ రాదు. సూర్యుడు 60 డిగ్రీల్లో ఉంటే దిగంతం నుంచి ఒక పిడికిలి పైన, 68లో ఉంటే రెండు పిడికిళ్ళకు కొంచెం పైన, సూర్యుడు నడినెత్తిన ఉంటే మూడు పిడికిళ్ళకు కొంచెం పైన. మూడున్నర పిడికిళ్ళ పైన రంగు కనబడిందంటే అది వేరే ఏదో.

ఈ లెక్క ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాద్‌లో మధ్యాహ్న సూర్యుడు 58 డిగ్రీలు దాటేది ఫిబ్రవరి రెండో వారం నుంచి నవంబరు మొదటి రోజుల వరకు. తిరుపతి ఇంకా దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ జనవరి చివరి వారం నుంచి నవంబరు నడుమ దాకా అవకాశం ఉంటుంది. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకు ఏప్రిల్ రెండో వారం నుంచి ఆగస్టు నెలాఖరు వరకే. లండన్‌లో మే మధ్య నుంచి జూలై చివరి వారం వరకు మాత్రమే, అదీ మిట్టమధ్యాహ్నం కాసేపు, దిగంతాన్ని ఆనుకుని. డిసెంబరులో హైదరాబాద్ నుంచి ‘ఫైర్ రెయిన్‌బో’ అని ఫొటో వస్తే, చూడకుండానే కాదని చెప్పేయొచ్చు.

ఇప్పుడు మీ దృశ్యానికి ఈ కొలతలు పెట్టి చూడండి. మే నెల, నాలుగున్నర, హైదరాబాద్. సూర్యుడు దాదాపు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. 58 దాటలేదు కాబట్టి ఫైర్ రెయిన్‌బో కాదు. 32 కన్నా తక్కువే కాబట్టి సర్కమ్‌జెనితల్ చాపానికి వీలుంది గానీ, ఆ వేళకు అది దిగంతం నుంచి 79 డిగ్రీలు, అంటే దాదాపు నడినెత్తిన ఉండాలి. మీ రంగులు సూర్యుడిని దాచిన మబ్బు నెత్తిన, ఒకటి రెండు పిడికిళ్ళ లోపలే ఉన్నాయి. ఇంద్రధనుస్సుకు సూర్యుడు మన వీపు వైపు ఉండాలి, మీరు సూర్యుడి వైపే చూస్తున్నారు. ఇక మిగిలింది ఇరిడిసెన్సే.

కొలవడం కుదరకపోతే ఇంకో దారి ఉంది: రెండు మూడు నిమిషాలు కదలకుండా చూడండి. చాపాలు, సన్‌డాగ్, హాలో ఇవన్నీ సూర్యుడిని బట్టి కుదిరిన స్థానాలు. మబ్బు గాలికి కొట్టుకుపోతున్నా రంగు ఆకాశంలో అక్కడే ఉంటుంది, ఒక ముక్క దాటిపోయి ఇంకో ముక్క వచ్చి అదే రంగు తొడుక్కుంటుంది. ఇరిడిసెన్స్‌లో రంగు మబ్బు అంచుతో పాటు పోతుంది, అంచు చెదిరితే రంగూ చెదురుతుంది. వీడియో తీసి ఎనిమిది రెట్ల వేగంతో నడిపిస్తే ఈ తేడా కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. గోడ అంచో, తీగో ఫ్రేములో కదలకుండా ఉండాలి, లేకపోతే ఏది కదిలిందో తెలియదు.

సూర్యుడికి ఎదురు వైపున ఉండేవి తేలిక. విమానం కిటికీలోంచి కింద మబ్బు మీద మన విమానం నీడ చుట్టూ చిన్న రంగు వలయాలు కనబడితే అది గ్లోరీ. ఎరుపు బయట. సూర్యుడు లేని వైపు కిటికీ సీటు దొరికితే, కింద మబ్బు పరుచుకుని ఉంటే, చాలాసార్లు చూడొచ్చు. ఇంద్రధనుస్సు, అదే సింగిడి, ఆ వైపునే 42 డిగ్రీల వృత్తం.

విమానంలో ఒక మోసం ఉంది. పోలరాయిడ్ చలువ కళ్ళద్దాలతో కిటికీలోంచి చూస్తే, కిటికీ ప్లాస్టిక్‌లోని బిగువు వల్ల ఆకాశమంతా గులాబీ, పచ్చ పట్టీలు తేలతాయి. అచ్చం ఇరిడిసెన్స్ లాగే ఉంటాయి. తల పక్కకు వంచండి, లేదా కళ్ళద్దాలు తీసేయండి. రంగు మారితే, పోతే అది కిటికీదే. కారు అద్దంలోంచి తీసిన ఫొటోల్లో కూడా ఇదే గోల.

పొద్దు వాలాక మబ్బు మొత్తం ఎర్రగానో నారింజగానో మారడం వేరే విషయం. అక్కడ మబ్బు రంగులు వేయడం లేదు, దాని మీద పడే కాంతే ఎర్రబడింది. పక్కపక్కనే పచ్చ, గులాబీ ఉండవు.

స్వీడన్, నార్వే, ఐస్‌లాండ్, స్కాట్లాండ్‌ల నుంచి వచ్చే ముత్యపు మబ్బుల ఫొటోలను కొందరు మన ఊరి పేరు పెట్టి పంపుతుంటారు. నేక్రియస్ మేఘాలంటారు వాటిని. 15 నుంచి 25 కిలోమీటర్ల ఎత్తున, అక్కడి గాలి పొర (స్ట్రాటోస్ఫియర్) దాదాపు మైనస్ 78 డిగ్రీల కన్నా చల్లబడితే, ధ్రువాల వైపు చలికాలంలోనే కడతాయి. 2023 డిసెంబరులో బ్రిటన్‌లో చాలా చోట్ల కనబడ్డాయి, అక్కడి మనవాళ్ళలో కొందరు చూసే ఉంటారు. గుర్తు ఒక్కటే: సూర్యుడు అస్తమించి మామూలు మబ్బులన్నీ నల్లబడ్డాక కూడా ఇవి నిప్పులా వెలుగుతూనే ఉంటాయి, ఎందుకంటే అంత ఎత్తులో ఇంకా ఎండ ఉంది. తెలుగు నేల మీద ఇవి కనబడే అవకాశం లేదు.

మనకు పొద్దు వాలాక రంగులు కనబడితే మొదట రాకెట్ ప్రయోగం ఉందేమో చూడండి. నేల మీద చీకటి పడి, పైన ఎండ ఉండే ఆ అరగంట, ముప్పావు గంటలో శ్రీహరికోట నుంచి గానీ ఒడిశా తీరం నుంచి గానీ ఏదైనా ఎగిరితే, దాని పొగలోని సన్నని రేణువులు నీలం, గులాబీ మెలికలు వేస్తాయి. 2022 డిసెంబరు 15 సాయంత్రం పశ్చిమ బెంగాల్, ఒడిశాల్లో జనాన్ని కంగారుపెట్టిన వెలుగు అగ్ని-5 క్షిపణి పరీక్షది.

భూకంపం సంగతికి రెండు ముక్కలు చాలు. ఈ రంగులకు కావలసినవి ఎండ, పలచటి మబ్బు, ఒకే సైజు బొట్లు. ఆ మూడూ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట రోజూ కుదురుతూనే ఉంటాయి, భూమి లోపలి పలకలకు వాటితో పని లేదు.

చివరగా ఫొటోలు. గుర్తింపు కోసం పంపే ఫొటోల్లో సగం దేనికీ పనికిరావు, ఎందుకంటే రంగు ముక్కను మాత్రమే జూమ్ చేసి తీస్తారు. సూర్యుడు ఎక్కడున్నాడో తెలియకపోతే ఎవరూ తేల్చలేరు. ముందు జూమ్ లేకుండా ఒకటి తీయండి, సూర్యుడు స్తంభం వెనక దాగి, రంగు కూడా ఫ్రేములో ఉండాలి. మామూలు ఫోన్ ప్రధాన కెమెరా పొడుగు వైపు సుమారు 67 డిగ్రీలు, అడ్డం వైపు 53 డిగ్రీలు పడుతుంది. ఆ లెక్కతో ఫొటోలోనే దూరం కొలవొచ్చు. చాపాలకు ఇది చాలకపోతే 0.5 వైడ్ కెమెరా వాడండి. తర్వాత జూమ్ చేసి రంగు మీద నొక్కి, వెలుతురు గీతను కిందికి లాగి ఒకటి రెండు మెట్లు తగ్గించండి. ఫోన్ తనంతట తానుగా మబ్బును తెల్లగా కాల్చేస్తుంది, రంగు ఉన్నా తెలుపే పడుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను ఎండకు కుదిర్చి పెట్టండి, ఫిల్టర్లు, రంగు పెంచే ఎడిటింగ్ వద్దు. పెంచితే మామూలు తెల్ల మబ్బు అంచున కూడా ఊదా గీత లేస్తుంది, అది లెన్సు లోపం. సూర్యుడు ఫ్రేములో ఉన్నప్పుడు పడే గుండ్రటి పచ్చ మచ్చ కూడా లెన్సుదే, ఫోన్‌ను కాస్త పక్కకు తిప్పితే మచ్చ మబ్బును వదిలి జరిగిపోతుంది. అద్దంలో కంటితో చూసే పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాను టెలిఫొటో లెన్సుతో సూర్యుడి దగ్గరికి ఎత్తొద్దు, కంటికే ప్రమాదం. వెనక తెర మీద చూసి తీయండి.

ఫొటోతో పాటు ఊరు, తేదీ, నిమిషంతో సహా టైము, ఏ దిక్కుకు తిరిగి తీశారు, ఎన్ని నిమిషాలు ఉంది అన్నవి రాసి పంపండి. ఊరు, టైము ఉంటే సూర్యుడి ఎత్తు లెక్క కట్టేయొచ్చు, మీ కర్ర నీడ కూడా అక్కర్లేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుంచించుకుపోయి, తీసిన టైము వివరాలు కూడా చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా జత చేసి పంపండి.